ప్రింట్ చేసిన 316ఎల్ బ్లాకులో బ్యాక్‌వాల్ ఎకో 10 డీబీ పడిపోయింది: తప్పు పైన గరుకుదా, లోపల మెటల్‌దా?

ఆటోనగర్_యూటీ · సోమవారం రాత్రి 9:48

అందరికీ నమస్తే. విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న టెస్టింగ్ షాపులో పని చేస్తున్నాను, యూటీ (శబ్ద తరంగాలతో లోపల లోపాలు వెతికే అల్ట్రాసోనిక్ టెస్టింగ్) లెవెల్ 2. ఇన్నాళ్లూ ఫోర్జింగులు, ప్లేట్లు, వెల్డులు ఇవే చూశాను. పోయిన వారం మొదటిసారి మెటల్ త్రీడీ ప్రింటింగ్ పీసు చేతికొచ్చింది. హైడ్రాలిక్ మానిఫోల్డ్ బ్లాకు, 316ఎల్ స్టీలు, లేజర్ పౌడర్ బెడ్ మీద, అంటే లోహపు పొడిని పొరపొరగా లేజర్‌తో కరిగించి చేసింది. వెడల్పు 40 మి.మీ., ఎత్తు 45. పక్క ముఖాలకి మెషినింగ్ ఏమీ చేయలేదు, వేలితో రాస్తే ఎమరీ పేపరులా తగులుతుంది. ప్రొఫైలోమీటర్ పెడితే ఆర్‌ఏ (సగటు గరుకు) 12 మైక్రాన్లు వచ్చింది.

ఇమ్మర్షన్ ట్యాంకులో, అంటే నీళ్లలో ముంచి, 10 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌తో పక్క ముఖం నుంచి స్కాన్ చేశాను. మా దగ్గరున్న నున్నటి రిఫరెన్స్ బ్లాకుతో పోలిస్తే ఫ్రంట్ ఎకో (ముందు ముఖం నుంచి తిరిగొచ్చే శబ్దం) 7 డీబీ (డెసిబెల్) తక్కువ, బ్యాక్‌వాల్ (అవతలి ముఖం నుంచి తిరిగొచ్చేది) 10 డీబీ తక్కువ. ఫ్రంట్ ఎకో బ్లాకుతో సమానం అయ్యేదాకా గెయిన్ (సిగ్నల్ పెంచే సెట్టింగు) పెంచి మళ్లీ స్కాన్ చేస్తే స్క్రీన్ నిండా గడ్డి, అంటే చిన్న చిన్న అనవసరపు ఎకోలు. సీ-స్కాన్‌లో (ముఖం మొత్తానికి వచ్చే మ్యాపులో) అక్కడక్కడా మచ్చలు కూడా వచ్చాయి, లోపలి దారులు (ఛానెళ్లు) లేని చోట కూడా. ఇది పోరాసిటీ (లోపల సన్నటి రంధ్రాలు) అని రాయాలా, గరుకు వల్ల అని వదిలేయాలా? గురువారం రిపోర్టు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. తప్పు రాస్తే మంచి పీసు స్క్రాప్ అవుతుంది, లేదా చెడ్డ పీసు ప్రెషర్ కిందకి వెళ్తుంది. రెండూ నాకు ఇష్టం లేదు.

బాయిలర్‌ట్యూబ్_ఇబ్రహీంపట్నం · సోమవారం రాత్రి 10:15

తమ్ముడూ, ఆ నీళ్ల ట్యాంకు గొడవెందుకు? 2.25 మెగాహెర్ట్జ్ కాంటాక్ట్ ప్రోబ్ తీసుకో, చిక్కటి గ్రీజు పుయ్యి, చూడు. మేము ట్యూబుల మీద స్కేలు, తుప్పు ఉన్నా అలాగే చూస్తాం. ఫ్రీక్వెన్సీ తగ్గిస్తే గరుకు అసలు అడ్డమే కాదు.

రాయనపాడు_యాక్సిల్ · సోమవారం రాత్రి 10:41

అన్నా, మీరు చూసేది మందం. ఈ అబ్బాయి వెతికేది లోపం. రెండూ ఒకటి కాదు కదా. వ్యాగన్ యాక్సిళ్లకి మేమూ ఎండ్ ఫేస్ నుంచి 2.5 మెగాహెర్ట్జ్‌తోనే చూస్తాం, కానీ అక్కడ మేము వెతికేది క్రాకు, అదీ మీటర్లు పొడవున్న యాక్సిల్‌లో. 2.25 దగ్గర స్టీల్‌లో తరంగదైర్ఘ్యం రెండున్నర మి.మీ. పైనే ఉంటుంది. దానికి సగం సైజు కన్నా చిన్న లోపం నమ్మకంగా కనపడదు. ప్రింటింగ్‌లో పొడి సరిగ్గా కరిగి కలవక వచ్చే ఫ్యూజన్ లోపాలు అంతకన్నా చాలా చిన్నవి.

పైగా కాంటాక్ట్‌లో ప్రోబ్ మిట్టల మీద కూర్చుంటుంది, పల్లాల్లో గ్రీజు ఎంత నిండిందనేది నువ్వు చెయ్యి ఎంత నొక్కావనే దాని మీద ఉంటుంది. ఒకే చోట మూడుసార్లు పెడితే మూడు రీడింగులు వస్తాయి. ఫోర్జింగులకి వాడే ఏఎస్‌టీఎం ఏ388 ప్రమాణంలో స్కాన్ చేసే ముఖం గరుకు 6 మైక్రాన్లు దాటకూడదని ఊరికే రాయలేదు. నీ పీసు దానికి రెండింతలు ఉంది.

యాక్సిల్ ఎండ్ ఫేస్ మీద రంగు గానీ మురికి గానీ ఉంటే మేము ముందు రుద్ది శుభ్రం చేస్తాం, ఆ తర్వాతే ప్రోబ్. నా సలహా కూడా అదే, ముందు ముఖం బాగు చెయ్యి.

బాయిలర్‌ట్యూబ్_ఇబ్రహీంపట్నం · సోమవారం రాత్రి 10:50

సరే, ఒప్పుకుంటున్నాను. నేను మందం దృష్టితోనే చెప్పాను.

గుంటూరు_మాస్టారు · మంగళవారం ఉదయం 6:20

బాబూ, ముందు ఒక విషయం సూటిగా చెబుతాను. ఫ్రంట్ ఎకోని చూసి గెయిన్ పెంచడం తప్పు. ఇది చాలామంది చేసే పని, నా దగ్గర ట్రైనింగ్‌కి వచ్చినవాళ్లూ చేసేవాళ్లు. ఎందుకు తప్పో కొంచెం ఓపిగ్గా చదువు.

గరుకు ముఖాన్ని మిట్టలు, పల్లాలుగా ఊహించుకో. శబ్దం పైనుంచి నీళ్లలో వస్తుంది. మిట్టకి తగిలిన భాగం ముందే వెనక్కి తిరుగుతుంది, పల్లానికి వెళ్లిన భాగం ఇంకొంచెం కిందికి దిగి, మళ్లీ అంత పైకి రావాలి. ఆ అదనపు దూరం రెండుసార్లు, అదీ నీళ్లలో. నీళ్లలో వేగం సెకనుకి 1500 మీటర్ల చిల్లర, అందుకే 10 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 0.15 మి.మీ. మాత్రమే. అంత చిన్న తరంగానికి 15 మైక్రాన్ల ఎత్తుపల్లం పెద్ద తేడానే. ప్రోబ్ దగ్గరికి తిరిగొచ్చేసరికి ముక్కలన్నీ కాలు కలపకుండా నడిచిన గుంపులా ఉంటాయి, ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి. ఫ్రంట్ ఎకో అందుకే పడుతుంది.

ఇక లోపలికి దిగే భాగం చూడు. పల్లం దగ్గర 15 మైక్రాన్లు నీళ్లలో నడుస్తుంది, మిట్ట దగ్గర అదే 15 మైక్రాన్లు స్టీల్‌లో నడుస్తుంది. రెండింటికీ మధ్య తేడా మాత్రమే నష్టం, ఒక్కో దాటుడికి ఒక్కసారే. కాబట్టి లోపలికి వెళ్లే శబ్దం మీద గరుకు దెబ్బ ఫ్రంట్ ఎకో మీద పడినంత ఉండదు.

లెక్క వేసి చూశాను. మీ ఆర్‌ఏ 12 అంటే ఆర్‌ఎంఎస్ గరుకు (లెక్కకి వాడే ఇంకో రకం సగటు) సుమారు 15 మైక్రాన్లు అనుకుందాం. 10 మెగాహెర్ట్జ్ దగ్గర:

ఫ్రంట్ ఎకో నష్టం దాదాపు 7 డీబీ. మీకు వచ్చింది కూడా 7, సరిపోయింది.
ముఖం దాటి లోపలికి వెళ్లి తిరిగి రావడానికి రెండు దాటుళ్లకీ కలిపి 2 డీబీ.
అవతలి ముఖం కూడా అంతే గరుకైతే బ్యాక్‌వాల్ దగ్గర ఇంకో అర డీబీ. అక్కడ శబ్దం స్టీల్‌లో ఉంది, తరంగదైర్ఘ్యం 0.57 మి.మీ., అందుకే అంత తక్కువ.

అంటే గరుకు వల్ల బ్యాక్‌వాల్ పడాల్సింది రెండున్నర డీబీ. మీకు పడింది 10. మిగతా ఏడున్నర డీబీకి వేరే కారణం ఉంది. అదేంటో తేల్చకుండా రిపోర్టులో ఒక్క ముక్క కూడా రాయొద్దు.

ఇంకో మాట. ఈ నష్టం ఫ్రీక్వెన్సీ వర్గంతో పెరుగుతుంది, గరుకు వర్గంతో కూడా. 5 మెగాహెర్ట్జ్‌కి దిగితే ఇదంతా నాలుగో వంతు అవుతుంది. 5తో కూడా ఒకసారి చూసి రెండు రీడింగులూ ఇక్కడ పెట్టు.

లత_మంగళగిరి · మంగళవారం ఉదయం 9:05

మాస్టారి లెక్క సరైనదే. నేను ఎంటెక్ ప్రాజెక్టులో ప్రింటెడ్ నమూనాల మీద ఇదే చూశాను, అందుకే ఒకటి కలుపుతున్నాను. ఆర్‌ఏ ఒక్క అంకెతో ఈ ముఖాలని అర్థం చేసుకోలేం. మిల్లింగ్ చేసిన ముఖం మీద గీతలు ఒక వరసలో ఉంటాయి. ప్రింటింగ్ ముఖాన్ని మైక్రోస్కోప్ కింద పెడితే సగం కరిగి అంటుకుపోయిన పౌడర్ గుండ్లు కనపడతాయి, 15 నుంచి 45 మైక్రాన్లవి, గోడకి రాగులు అతికించినట్టు. గుండు కింద సందు ఉంటుంది, ప్రొఫైలోమీటర్ ముల్లు (స్టైలస్) అక్కడికి దిగలేదు. కాబట్టి నిజంగా ఉన్న గరుకు మీ 12 కన్నా ఎక్కువ కావచ్చు.

ఆ సందుల వల్లే ఇంకో అనుమానం: బుడగలు. ఆటోనగర్_యూటీ గారూ, ట్యాంకులో నీళ్లు ఎప్పుడు పట్టారు?

ఆటోనగర్_యూటీ · మంగళవారం ఉదయం 9:40

పొద్దున్నే పంపు నీళ్లు పట్టాను, మధ్యాహ్నం స్కాన్ చేశాను. ఎందుకండీ?

లత_మంగళగిరి · మంగళవారం ఉదయం 9:52

అదేనండీ. పంపు నీళ్లలో గాలి కరిగి ఉంటుంది. మే నెలలో మన విజయవాడ ఎండకి షెడ్డులో నీళ్లు మధ్యాహ్నానికి బాగా వేడెక్కుతాయి, వేడెక్కిన నీళ్లు గాలిని వదిలేస్తాయి. పొద్దున పట్టి పెట్టిన గాజు గ్లాసు లోపలి గోడకి మధ్యాహ్నానికి చిన్న చిన్న బుడగలు పడతాయి చూడండి, అదే. నున్నటి రిఫరెన్స్ బ్లాకు మీద అవి నిలవవు, జారి పైకి పోతాయి. గుండ్ల మధ్య సందుల్లో మాత్రం ఇరుక్కుని కూర్చుంటాయి. గాలి బుడగ దాటి శబ్దం వెళ్లదు. పోరాసిటీ ఎలా కనపడుతుందో సీ-స్కాన్‌లో అచ్చం అలాగే మచ్చ పడుతుంది.

ఈ పరీక్ష చేయండి. నీళ్లు పట్టి ఒక రాత్రంతా కదపకుండా ఉంచండి. గిన్నెలు తోమే సబ్బు నాలుగైదు చుక్కలు వేయండి, నురగ రాకుండా మెల్లగా కలపండి. బ్లాకుని నిలువుగా కాకుండా ఏటవాలుగా ముంచండి, ముఖం మీద మెత్తటి పెయింట్ బ్రష్షుతో నీళ్లలోనే రుద్దండి. స్కాన్ చేయండి, మళ్లీ రుద్దండి, మళ్లీ స్కాన్ చేయండి. చోటు మారిన మచ్చలు బుడగలు, అక్కడే ఉన్నవి నిజమైనవి.

నీళ్ల ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. 20 డిగ్రీల దగ్గర నీళ్లలో వేగం 1482, 35 డిగ్రీలకి 1520. రిఫరెన్స్ బ్లాకు పొద్దున, పీసు మధ్యాహ్నం చూస్తే రెండూ ఒకే పరిస్థితి కాదు.

పౌడర్‌బెడ్_తెనాలి · మంగళవారం మధ్యాహ్నం 1:30

నేను ప్రింటింగ్ వైపు మనిషిని. మాది తెనాలి, పని హైదరాబాద్‌లో. యూటీ లోతులు నాకు తెలియవు గానీ పీసు ఎలా పుడుతుందో తెలుసు, ఆ వైపు నుంచి రెండు విషయాలు చెబుతాను.

మేము ఒక లేయరులో ముందు లోపలి భాగాన్ని గీతలుగా కరిగిస్తాం, చుట్టూ అంచుని వేరే సెట్టింగుతో కరిగిస్తాం, దాన్ని కాంటూర్ అంటాం. ఆ రెండూ కలిసే చోట సరిగ్గా కలవకపోయినా, లేజర్ మలుపు తిరిగే దగ్గర వేడి ఎక్కువైనా సన్నటి పోర్లు వరసగా పడతాయి. అవి ముఖం కింద 0.1 నుంచి 0.3 మి.మీ. లోతులో ఉంటాయి. ఫెటీగ్‌లో పీసు విరిగితే చాలాసార్లు క్రాకు అక్కణ్నుంచే మొదలవుతుంది. మీ యూటీలో ఆ లోతు కనపడుతుందా?

రెండోది, నువ్వు చూసిన పక్క ముఖం ఏది? ప్రింట్ చేసినప్పుడు నిలువుగా ఉన్న గోడా, కిందికి వేలాడిన ముఖమా? కింది వైపు చూసే ముఖం ఎప్పుడూ ఎక్కువ గరుకు, దాని కింద గట్టి మెటల్ ఉండదు, వదులు పౌడర్ ఉంటుంది, కరిగిన మెటల్ దాంట్లోకి దిగిపోతుంది.

రాయనపాడు_యాక్సిల్ · మంగళవారం మధ్యాహ్నం 2:10

0.1 నుంచి 0.3 లోతు అంటే యూటీకి కనపడదు. ఫ్రంట్ ఎకో మోత ఆగేలోపే అది దాటిపోతుంది. నున్నటి ముఖానికే మొదటి ఒకటి రెండు మి.మీ. డెడ్ జోన్, అంటే ఏమీ కనపడని భాగం, ఉంటుంది. గరుకు ముఖం మీద ఫ్రంట్ ఎకో తోక ఇంకా సాగుతుంది, చెదిరిన శబ్దం అంతా దాని వెనకే వస్తుంది కాబట్టి. నువ్వు చూసిన గడ్డిలో చాలా భాగం అదే తమ్ముడూ. గెయిన్ పెంచితే లోపం ఎకోతో పాటు గడ్డి కూడా అంతే పెరుగుతుంది, లాభం సున్నా.

గుంటూరు_మాస్టారు · మంగళవారం సాయంత్రం 5:45

రాయనపాడు వారు చెప్పింది అసలైన మాట. గరుకు వల్ల పోయే డీబీని లెక్కగట్టి కలుపుకోవచ్చు. డెడ్ జోన్‌లో పోయినదాన్ని ఏ లెక్కా తిరిగి తేలేదు. పైగా ఈ పీసుల్లో ఎక్కువ ప్రమాదమున్న పోర్లు సరిగ్గా అక్కడే ఉన్నాయి. మెషినింగ్‌కి అర మి.మీ. నుంచి ఒక మి.మీ. అదనంగా వదిలి ప్రింట్ చేసి, ఆ పొర తీసేస్తే కాంటూర్ పోర్లు చాలావరకు చిప్స్‌లోనే పోతాయి. మిగిలినవి పైకి తెరుచుకుంటాయి, వాటిని పెనెట్రెంట్ (సందుల్లోకి దిగి లోపాన్ని చూపించే రంగు ద్రవం) పట్టుకుంటుంది. మెషినింగ్ చేయని ముఖం మీద పెనెట్రెంట్ వేస్తే ముఖమంతా ఎర్రగా అయిపోతుంది, అది ఎవరికీ పనికిరాదు. కాబట్టి వరస ఇది: మెషినింగ్, తర్వాత యూటీ, తర్వాత పెనెట్రెంట్. షాట్ బ్లాస్టింగ్ చేసి నున్నగా చూపిద్దాం అనుకునేవాళ్లు ఉంటారు, అది పోరు నోళ్ల మీద మెటల్ పూసేస్తుంది, తర్వాత పెనెట్రెంట్‌కీ దొరకదు.

బాయిలర్‌ట్యూబ్_ఇబ్రహీంపట్నం · మంగళవారం రాత్రి 8:30

మరి లోపలి ఛానెళ్ల సంగతి? మానిఫోల్డ్ అంటే లోపలంతా దారులే కదా, అక్కడికి ఏ టూలూ వెళ్లదు.

పౌడర్‌బెడ్_తెనాలి · మంగళవారం రాత్రి 9:00

దానికి ఎక్స్‌రే సీటీ. అదీ మందం పెరిగేకొద్దీ స్టీల్‌లో కష్టమే, పైగా సన్నటి పల్చటి ఫ్యూజన్ లోపం సీటీలో తప్పిపోవచ్చు. ఛానెల్ గోడలు నున్నగా చేయడానికి అబ్రేసివ్ పేస్టు నెట్టడం, కెమికల్ పాలిషింగ్ ఉన్నాయి. అందుకే ఒక్క పద్ధతి మీద ఆధారపడకూడదు. ఇస్రో వాళ్లు పీఎస్‌ఎల్‌వీ రాకెట్ నాలుగో దశ పీఎస్‌4 ఇంజన్‌ని ప్రింటింగ్‌కి మార్చినప్పుడు 14 భాగాలు ఒకే పీసు అయ్యాయి, 19 వెల్డ్ జాయింట్లు పోయాయి. 2024 మే 9న 665 సెకన్లు మండించి చూశారు. జాయింట్లు పోవడం చాలా మంచిదే. కానీ ఇన్నాళ్లూ మీలాంటివాళ్లు వెల్డు దగ్గర వెతికేవాళ్లు, ఇప్పుడు ఎక్కడ వెతకాలో చెప్పే వెల్డు లేదు, పీసు మొత్తం వెతకాలి. ప్రింటింగ్ చేసేవాడిగా ఈ చర్చ నాకు అందుకే ముఖ్యం.

అన్నట్టు, ఒక సంగతి మర్చిపోయాను. ఆ బ్లాకుని బిల్డ్ ప్లేటు (ప్రింట్ చేసేటప్పుడు అడుగున ఉండే ప్లేటు) మీద నుంచి వైర్‌కట్‌తోనే, అంటే కరెంటు స్పార్కులిచ్చే సన్నటి తీగతో, కోసి ఉంటారు. అడుగు ముఖం చూడు, గరుకుగా ఉందా?

ఆటోనగర్_యూటీ · బుధవారం మధ్యాహ్నం 12:20

లత గారూ, మీ మాట అక్షరాలా నిజమైంది. రాత్రి నీళ్లు పట్టి ఉంచి, సబ్బు వేసి, బ్రష్షుతో రుద్దాను. టార్చి లైటు పక్కనుంచి వేసి చూస్తే, రుద్దకముందు ముఖం మీద ఆవగింజ కన్నా చిన్న బుడగలు వెండి చుక్కల్లా మెరిశాయి. రుద్దగానే వరసగా పైకి లేచాయి. తర్వాత బ్యాక్‌వాల్ నష్టం 10 నుంచి 4 డీబీకి వచ్చింది. మచ్చలు ఒక్కటి కూడా పాత చోట లేవు. అంటే నేను పోరాసిటీ అని రాయబోయినవి బుడగలు.

5 మెగాహెర్ట్జ్‌తో నష్టం ఒక డీబీ లోపే. 10 దగ్గర మాస్టారు చెప్పిన రెండున్నర పోను ఇంకా ఒకటిన్నర ఉంది.

పౌడర్‌బెడ్ అన్నా, అడుగు ముఖం వైర్‌కట్‌దే. ఆర్‌ఏ 3 లోపు వచ్చింది! రెండు రోజులుగా ఆ ముఖాన్ని నేను టేబులు మీద కింద పెట్టి ఉంచాను.

గుంటూరు_మాస్టారు · బుధవారం మధ్యాహ్నం 12:55

మిగిలిన ఒకటిన్నర డీబీ మెటల్ నిర్మాణానిది కావచ్చు. రిఫరెన్స్ బ్లాకు రోలింగ్ చేసింది, ప్రింటింగ్‌లో గ్రెయిన్లు ఎత్తు దిశలో పొడుగ్గా పెరుగుతాయి, శబ్దాన్ని వేరేలా చెదరగొడతాయి. అదే పౌడర్‌తో, అదే మెషిన్ మీద రిఫరెన్స్ బ్లాకు ప్రింట్ చేయించి, దాంట్లో ఫ్లాట్ బాటమ్ హోల్స్ (పోల్చుకోవడానికి తెలిసిన సైజులో, అడుగు చదునుగా ఉండే రంధ్రాలు) వేయించుకోమని కస్టమర్‌కి రాయి. ఏఎస్‌టీఎం ఇ3166 అని ప్రింటెడ్ ఏరోస్పేస్ పీసుల ఎన్‌డీటీకి (పీసు పాడవకుండా చేసే పరీక్షలకి) గైడు ఉంది, నీది ఏరోస్పేస్ కాకపోయినా చదువు.

అడుగు నుంచి వెంటనే స్కాన్ చెయ్యి. నున్నటి ముఖం అనే కాదు. ఫ్యూజన్ లోపాలు లేయర్ల మధ్య అప్పడంలా పల్చగా పరుచుకుని ఉంటాయి. నువ్వు పక్క నుంచి చూస్తే వాటి అంచు మాత్రమే శబ్దానికి ఎదురవుతుంది, ఎకో దాదాపు రాదు. అడుగు నుంచి చూస్తే పూర్తి ముఖం ఎదురవుతుంది.

ఆటోనగర్_యూటీ · బుధవారం రాత్రి 8:40

చేశాను. 10 మెగాహెర్ట్జ్, అడుగు ముఖం నుంచి. గడ్డి దాదాపు లేదు. ఒక మూల దగ్గర నాలుగు ఇండికేషన్లు (లోపం ఉండొచ్చనే ఎకోలు), నాలుగూ ఒకే లోతులో, 17.6 మి.మీ. మూడుసార్లు బ్రష్ చేసి స్కాన్ చేశాను, కదల్లేదు. పక్క నుంచి 5తోనూ 10తోనూ అదే చోటు వెతికాను, ఏమీ లేదు.

పౌడర్‌బెడ్_తెనాలి · బుధవారం రాత్రి 9:10

నాలుగూ ఒకే లోతంటే ఒకే లేయరు. లేయరు మందం ఎంతో, కోతలో ఎంత పోయిందో కస్టమర్‌ని అడుగు. బిల్డ్ లాగ్ కూడా అడుగు, తప్పకుండా ఇస్తారు.

ఆటోనగర్_యూటీ · గురువారం ఉదయం 11:30

అడిగాను. లేయరు 40 మైక్రాన్లు, వైర్‌కట్‌లో అడుగున 3 మి.మీ. పోయింది. అంటే 20.6 మి.మీ. ఎత్తు, 515వ లేయరు దగ్గర. వేగం 5750 అనుకుని తీసిన లోతు ఇది, ఒక శాతం తేడా ఉంటే అటూ ఇటూ ఐదు లేయర్లు మారొచ్చు. లాగ్‌లో 512వ లేయరు దగ్గర పౌడర్ అయిపోయి మెషిన్ ఆగింది, నింపి మళ్లీ స్టార్ట్ చేశారట.

రిపోర్టులో ఇలా రాశాను: అడుగు ముఖం నుంచి నాలుగు ఇండికేషన్లు, లోతు, చోటు. పక్క ముఖాల మెషినింగ్ చేయని పొర కింద మొదటి 2 మి.మీ. యూటీతో పరీక్షించలేదు. రెండో వాక్యం తీసేయమని అడిగారు. తీయనని చెప్పాను.

రాయనపాడు_యాక్సిల్ · గురువారం ఉదయం 11:42

తీయకు తమ్ముడూ. చూడనిది చూడలేదనే రాయాలి.

లత_మంగళగిరి · గురువారం మధ్యాహ్నం 12:15

ఆ మూల కోసి మైక్రోస్కోప్ కింద చూసే అవకాశం ఉంటే మా ల్యాబ్‌లో మౌంటింగ్, పాలిషింగ్ చేసిపెడతాను. కస్టమర్ ఒప్పుకుంటే చెప్పండి, మంగళగిరి ఎంత దూరమని.

ఆటోనగర్_యూటీ · గురువారం సాయంత్రం 6:05

ఒప్పుకున్నారండీ. అదే బిల్డ్‌లో ఇంకో రెండు బ్లాకులు ఉన్నాయట, అవి కూడా పంపుతున్నారు. ఈసారి పక్క ముఖాలకి మిల్లింగ్ చేసి పంపమన్నాను. సోమవారం ముక్క తీసుకుని వస్తాను.